అశ్వినీ చిహ్నముగల ఓడ: ప్రాచీన పురాణ చిత్రముల మహాకోశము, నూతన నిబంధన పఠనము

మెలితే ద్వీపము నుండి పౌలు రోమాకు ఎక్కి వెళ్లిన ఓడకు అశ్వినీ చిహ్నము ఉండెనని మన తెలుగు బైబిలు చెబుతుంది (అపొ. కా. 28:11). గ్రీకు మూలములో ఉన్న పదము ‘దియొస్కూరొయి’. అనగా ద్యుపతి కుమారులు, కాస్టర్, పోలక్స్ అను కవలలు. అనువాదకులు మన ప్రాంతపు కవల దేవతలను తలచుకొని ఈ మాటను ఎన్నుకొన్నారని స్పష్టమే. కాని ఆ ఓడ మీద పౌలు కన్నులు చూచినది ఏమిటి? నేటి విశ్వాసికి అశ్వినీ అనగానే నక్షత్రము గుర్తుకు వస్తుంది, లేదా గుఱ్ఱము. ఇటువంటి ప్రశ్నకు నిఘంటువు చాలదు. చిత్రములను చూడవలెను.

అట్టి చిత్రములను ఒకచోట చేర్చిన గ్రంథమే ‘లెక్సికోన్ ఇకోనోగ్రాఫికుమ్ మితొలోగియె క్లాసికె’. పండితులు దీనిని క్లుప్తముగా ‘లిమ్క్’ అంటారు. పురావస్తు పండితురాలు లిల్లీ కాహిల్ చొరవతో 1970లలో ఈ పని రూపుదిద్దుకొన్నది. స్విట్జర్లాండులోని బాసెల్ దీనికి ప్రధాన కేంద్రము. పలు దేశముల పండితులు మ్యూజియములలో చెదరియున్న కుండలు, శిల్పములు, నాణెములు, ముద్రలు, కుడ్యచిత్రములు పరిశీలించి వివరములు పంపారు. 1981 నుండి 1997 వరకు ఎనిమిది సంపుటములు వెలువడినవి. ప్రతి సంపుటము రెండు భాగములు, ఒకటి పాఠము, రెండవది ఛాయాచిత్రములు. సూచికలు 1999లో, అనుబంధము 2009లో వచ్చాయి. వ్యాసములు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలలో, రచయిత ఏ భాషలో వ్రాస్తే ఆ భాషలోనే ఉన్నాయి. మన విద్యార్థులకు ఇది కష్టమే. అయినను బొమ్మల భాగమునకు భాష అడ్డు కాదు.

గ్రంథములోని ప్రతి వ్యాసము సామాన్యముగా ఒకే క్రమములో నడుస్తుంది. మొదట ఆ దేవతను గూర్చి ప్రాచీన రచయితలు చెప్పినది, తరువాత సంఖ్యలు వేసిన చిత్రముల పట్టిక, చివర వ్యాఖ్యానము. ఇందులో ఒక సూత్రము ఇమిడియున్నది. చిత్రము కథకు అలంకారము కాదు, అదియే ఒక సాక్ష్యము. కవులు చెప్పనిది కుమ్మరి చూపవచ్చును.

ఇప్పుడు మన ఓడకు వద్దాము. దియొస్కూరొయి వ్యాసము 1986 నాటి మూడవ సంపుటములో ఉన్నది. వారు తరచుగా యౌవనస్థులైన ఇద్దరు, గుఱ్ఱముల ప్రక్కన లేక గుఱ్ఱములెక్కి, చేత ఈటెలతో, తలమీద గ్రుడ్డు పెంకు సగమువంటి టోపీతో, టోపీపైన నక్షత్రముతో కనబడతారు. రోమా వెండి నాణెములపైన స్వారిచేయు ఈ ఇద్దరు మనుష్యుల జేబులలో తిరిగినవారు. కొన్నిచోట్ల మనుష్య రూపమే ఉండదు. రెండు టోపీలు, రెండు నక్షత్రములు చాలును. కనుక ఆ ఓడమీద ఉన్నది నిలువెత్తు బొమ్మలని ఖండితముగా బోధించుట తొందరపాటు.

వీరు తుపానులో నావికులను రక్షించువారని ఆనాటి నమ్మకము. ఋగ్వేదములోని అశ్వినులు కూడ సముద్రములో మునుగుచున్న భుజ్యుని రక్షించినవారే. కాబట్టి మన అనువాదకుల ఎంపిక మేము మొదట అనుకొన్నంత దూరముగా లేదు. 27వ అధ్యాయమంతయు తుపాను. ఒక్క ప్రాణమైనను పోలేదు, రక్షించినది పౌలు సేవించు దేవుడు. ఆ వెంటనే లూకా, నావికుల రక్షకుల గుర్తు వేసిన ఓడను ఎక్కితిమని ఒక్క మాట చెప్పి, ఏమియు వ్యాఖ్యానించక సాగిపోతాడు. ఆ గుర్తును ప్రతి రేవులో చూచిన మొదటి పాఠకులు ఆ మౌనమును విని ఉంటారు.

ఎఫెసు విషయములో అవసరము మరింత ఎక్కువ. అర్తెమిదేవి అనేక స్తనములుగల సంతాన దేవత అని మన ప్రసంగములలో వింటుంటాము, మేమును అట్లే బోధించాము. ఈ మాట మినుకియుస్ ఫెలిక్స్, జెరోము వంటి క్రైస్తవ రచయితల నుండి వచ్చినది. లిమ్క్ రెండవ సంపుటము (1984) ఎఫెసు అర్తెమిని గ్రీకుల వేటకత్తె అర్తెమి నుండి వేరుచేసి ప్రత్యేక వ్యాసముగా ఇచ్చింది, దానిని రాబర్ట్ ఫ్లైషర్ వ్రాశారు. 1956లో ఎఫెసులో దొరికిన ప్రతిమల రొమ్మున వ్రేలాడు గుండ్రని వస్తువులకు చనుమొనలు లేవు. అటువంటివే లబ్రౌండాలోని ద్యుపతి రొమ్మున కూడ ఉన్నాయి, ఆయన పురుష దేవుడు! అవి వస్త్రముపైన ధరించిన ఆభరణములు కావచ్చునని పలువురి అభిప్రాయము. అవి ఏమిటన్నది నేటికిని వివాదమే. అపొ. కా. 19వ అధ్యాయములో దేమేత్రియ కలవరపడినది అతని వృత్తికి, దేవి గుడి ఘనతకు కలుగు నష్టమును గూర్చియే. అక్కడ సంతానమను ప్రస్తావనే లేదు.

అయితే ఈ మహాకోశమును వాడువారు ఒక జాగ్రత్త పాటించవలెను. అందులో మిగిలినవి మాత్రమే ఉన్నాయి, ఉన్నవన్నియు కాదు. కొయ్య ఓడలు కుళ్లిపోయాయి, సమాధులలో పెట్టిన కుండలు నిలిచాయి. అందుచేత పట్టికలో ఒక చిత్రము దొరికిన వెంటనే దాని కాలమును, స్థలమును చూడవలెను. ఏథెన్సులో క్రీ.పూ. 500 నాటి కుండమీద హెర్మేకు గడ్డమున్నది. తరువాతి శతాబ్దములలో అతడు సాధారణముగా గడ్డములేని యువకుడు. ఆ కుండను చూపించి లుస్త్రలో పౌలు రూపమును వర్ణించలేము. అతడు ముఖ్య ప్రసంగి యైనందుననే అతనికి హెర్మే అని పేరుపెట్టిరని లూకాయే కారణము చెప్పాడు (14:12). మరియొక వైపు క్లౌదియ చక్రవర్తి కాలములో (క్రీ.శ. 41–54) ముద్రించిన వెండి నాణెముపైన ఎఫెసు అర్తెమి ప్రతిమ ఉన్నది. ఆ నాణెము పౌలు కాలమునకు చెందినది, అతని చేతిలోనికి కూడ వచ్చి ఉండవచ్చును.

సంపుటముల వెల మన గ్రంథాలయములకు భారమే. కాని లిమ్క్ చిత్ర సమాచారములో కొంత ఇప్పుడు అంతర్జాలములో చూడవచ్చును. అపొస్తలుల కార్యములు బోధించు కాపరులు 14, 19, 28 అధ్యాయములతో మొదలుపెట్టి ఈ పేర్లను వెదకి చూడవలెనని మా మనవి.