ఏటీ అంటే ఓకే అనే మోడెం

2000 ప్రాంతంలో విశాఖ ద్వారకానగర్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటే, లోపల ఒక మోడెం కార్డు కూడా పెట్టి ఇచ్చేవారు. విండోస్‌లో అది చక్కగా ఫోన్ కలిపేది. అదే మెషీన్‌లో పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీ వేసుకున్న ఇంజనీరింగ్ కుర్రాడికి మాత్రం మోడెం జాడే తెలిసేది కాదు. చాలామంది లినక్స్‌నే తిట్టుకుని మళ్లీ విండోస్‌కు పోయారు. నిజానికి ఆ కార్డు పూర్తి మోడెం కాదు. ఎందుకో తెలియాలంటే ముందు మోడెం చేసే పనేమిటో చూడాలి.

ఫోన్ కాల్‌లో అవతలికి చేరేది 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ లోపు శబ్దమే. కంప్యూటర్ సున్నాలనూ ఒకట్లనూ ఆ శబ్దంగా మార్చి పంపడం, అవతలి నుంచి వచ్చిన శబ్దాన్ని మళ్లీ అంకెలుగా విప్పడం మోడెం పని. 1962లో ఏటీ అండ్ టీ తెచ్చిన బెల్ 103 సెకనుకు 300 బిట్లు పంపింది. 1981లో డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్‌ల కంపెనీ తెచ్చిన స్మార్ట్‌మోడెం వేగమూ అంతే. అయితే అందులో ఒక చిన్న ప్రాసెసర్ ఉంది. సీరియల్ పోర్టు గుండా ఏటీ అని రెండక్షరాలు పంపితే ఓకే అని జవాబిచ్చేది. ఏటీడీటీ అని నంబరు చేరిస్తే టోన్‌తో డయల్ చేసేది. టోన్ తెలియని పాత ఎక్స్ఛేంజికైతే ఏటీడీపీ. తక్కిన కంపెనీలూ ఇవే ఆదేశాలను తీసుకున్నాయి. దాంతో ఏ కంప్యూటరైనా, ఏ ఆపరేటింగ్ సిస్టమైనా మోడెంతో ఒకే తీరున మాట్లాడగలిగింది. మోడెం చరిత్రలో వేగం పెరగడం కన్నా ఇదే పెద్ద సంగతని నా నమ్మకం.

మన దేశంలో ప్రభుత్వ టెలికం సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు మహానగరాలకే. 1998లో ప్రైవేటు సంస్థలకూ అనుమతి దొరికింది, 2000 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. ఆపాటికి మోడెంలు వి.90 ప్రమాణానికి, అంటే సెకనుకు 56 కిలోబిట్లకు చేరాయి. ఎక్స్ఛేంజి మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. అందులో 7 నమ్మకంగా వాడుకోవచ్చు కాబట్టి 56 వేలు. అది పైలెక్క. విశాఖ ఉప్పుగాలికి రాగి జాయింట్లు చిలుమెక్కి, వానాకాలం లైనులో గరగర మొదలైతే మోడెం తనంతట తనే వేగం తగ్గించుకునేది.

కనెక్ట్ అయ్యేటప్పుడు వినిపించే ఆ కీచుల వెనుక పెద్ద బేరమే నడుస్తుంది. ముందుగా అవతలి మోడెం 2,100 హెర్ట్‌జ్ కూత పెడుతుంది. లైనులో ప్రతిధ్వనిని అణిచే పరికరాలను పక్కకు తప్పుకోమనడం అది. తర్వాత రెండూ లైనును పరీక్షించి, ఎంత వేగం తట్టుకుంటుందో తేల్చుకుంటాయి. చివరి బుస్సుమనే హోరు మోడెంలు పంపుకునే బిట్లదే. కావాలని చిందరవందర చేసి పంపుతారు కాబట్టి అలా వినిపిస్తుంది.

సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెం ఉన్నవాళ్లకు లినక్స్‌లో ఇబ్బంది తక్కువ. విండోస్ కామ్1 అనే పోర్టు ఇక్కడ టీటీవైఎస్0. మినికామ్ అనే ప్రోగ్రాం తెరిచి ఏటీ కొడితే ఓకే వచ్చిందా, సగం పని అయినట్టే. ఆపై కనెక్షన్ నడిపే పీపీపీడీ ప్రోగ్రాముకు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒక ఫైల్లో, డీఎన్ఎస్ చిరునామాలు ఇంకో ఫైల్లో రాసిపెట్టాలి. మన డయల్ టోన్‌ను గుర్తించక మోడెం మొండికేస్తే ఏటీఎక్స్3 అని ఆదేశిస్తే చాలు, టోన్ కోసం ఆగకుండా డయల్ చేసేది. కెనడా నుంచి వచ్చిన డబ్ల్యూవీడయల్ అనే ప్రోగ్రాం ఈ తతంగంలో చాలా భాగాన్ని తనే చేసిపెట్టింది.

చిక్కంతా విన్‌మోడెం అని పిలిచిన చవక కార్డులతోనే. ఖర్చు తగ్గించడానికి కంపెనీలు మోడెంలోని ప్రాసెసర్‌ను తీసేసి, ఆ పనిని కంప్యూటర్ మీదకు, విండోస్ డ్రైవర్ మీదకు నెట్టాయి. ఇది తెలివైన ఇంజనీరింగే, తప్పుపట్టను. కానీ కార్డు ఎలా పనిచేస్తుందో చెప్పే పత్రాలు బయటపెట్టకపోవడం అన్యాయం. లినక్స్ అభిమానులు లిన్‌మోడెమ్స్ పేరుతో జట్టుకట్టారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ మోడెం గణితాన్ని మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రాయడానికి పూనుకున్నాడు. లూసెంట్ కంపెనీ మోడెం చిప్పులకు డ్రైవర్ దొరికేది కానీ, అందులో కీలక భాగం సోర్సు లేని ముద్దగా ఉండేది. కోనెక్సాంట్ చిప్పులకు లినక్సాంట్ అనే సంస్థ డ్రైవర్ ఇచ్చింది. ఉచితమైతే 14.4 కిలోబిట్లు, పూర్తి వేగం కావాలంటే డబ్బు కట్టాల్సి వచ్చేది.

వీటన్నిటికన్నా కష్టం వేరే ఉంది. డ్రైవర్ ఉండేది ఇంటర్నెట్‌లో, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి. నెట్ సెంటర్‌కు వెళ్లి ఫ్లాపీలో తెచ్చుకుని, లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ వెర్షన్‌కు సరిపడేలా కంపైల్ చేసుకోవాలి. వెర్షన్ ఒక్క అంకె తేడా వచ్చినా ఆ డ్రైవర్ ఎక్కదు. మొత్తం సీడీనే దించుకుందామంటే, సెకనుకు 4 కిలోబైట్ల చొప్పున 650 మెగాబైట్లకు 45 గంటలు! పత్రికల సీడీల కోసం కుర్రాళ్లు ఎదురుచూసింది అందుకే. ఆ పట్టుదలతోనే చాలామంది కెర్నల్ అంటే ఏమిటో నేర్చుకున్నారు.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక డయల్-అప్ పోయింది, ఏటీ ఆదేశాలు పోలేదు. టాటా ఫోటాన్ డాంగిల్ కొన్నవాళ్లు అదే డబ్ల్యూవీడయల్‌తో #777కు డయల్ చేశారు. సిమ్ వేసే జీపీఎస్ పరికరాల్లోని మోడెం చిప్పులు ఇవాళ్టికీ ఏటీకి ఓకే అనే బదులిస్తాయి. వివరాలు దాచిన విన్‌మోడెం కార్డులు మాత్రం కొత్త కెర్నళ్లు రాగానే లినక్స్‌లో చాలావరకు పనికిరాకుండా పోయాయి. మీరు వైఫై అడాప్టరో, ప్రింటరో, స్కానరో కొనబోతుంటే, దాని డ్రైవర్ సోర్సు బాహాటంగా దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. దొరకదంటే ఇంకొకటి చూసుకోండి.