చివరి పిల్లి ఎందుకు దొరకదు?

కిందటి ఏడాది మా నాన్నగారికి విశాఖపట్నం నుంచి పుణేకు బదిలీ అయింది. సామానంతా లారీలో వచ్చేసింది కానీ మా చెల్లి పిల్లి మాత్రం రాలేదు. నిజానికి అది మా పిల్లి కాదు. పాత క్వార్టర్స్‌లో నాలుగిళ్లు తిరిగి పాలు తాగే వీధి పిల్లి. "దానికి ఆ వీధే ఇల్లమ్మా, మనతో తెస్తే బెంగ పెట్టుకుంటుంది" అని అమ్మ నచ్చజెప్పింది. చెల్లి అప్పుడేమీ అనలేదు. కొత్త ఊరికి వచ్చాక అమ్మ ఫోన్‌లో పిల్లులను వెతికే ఆట ఒకటి పట్టుకుంది. బడి నుంచి రావడం, ఆ ఆట ముందు కూర్చోవడం, అంతే.

పక్కన కూర్చుని చూడగా చూడగా నాకొక సందేహం వచ్చింది. బొమ్మలో వంద పిల్లులుంటే మొదటి యాభై పది నిమిషాల్లో దొరికిపోతాయి. చివరి ఒక్కదాని కోసం అరగంట వెతకాలి. అది కూడా మిగతా వాటిలాగే కళ్ల ముందే ఉంటుంది కదా, మరి ఎందుకు కనిపించదు?

ముందుగా ఆట గురించి చెబుతాను. తెర మీద నల్లటి గీతలతో వేసిన ఒక నగరం ఉంటుంది. మేడలు, కిటికీలు, చెట్లు, దుకాణాలు, జనం. వాటి మధ్య పిల్లులు దాక్కుని ఉంటాయి. పిల్లి మీద వేలు పెడితే దానికి రంగు వస్తుంది. మేం ఆడే ఆటలో గడియారం తొందర లేదు, శత్రువులు లేరు, ఓడిపోవడం లేదు. అందుకే ఇలాంటి వాటిని హాయిగా ఆడుకునే ఆటలు అంటారు.

ఈ సరదా కొత్తదేమీ కాదు. అమెరికాలో 1946లో మొదలైన 'హైలైట్స్' అనే పిల్లల పత్రికలో దాగిన బొమ్మల పేజీ మొదటి నుంచీ ఉంది. 1987లో మార్టిన్ హ్యాండ్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ చిత్రకారుడు జనసందోహంలో ఎర్ర చారల చొక్కా వేసుకున్న వాలీని దాచి పుస్తకం వేశాడు. 2017లో వచ్చిన 'హిడెన్ ఫోక్స్' అనే వీడియో గేమ్‌లో బొమ్మలన్నీ చేత్తో గీసినవే, శబ్దాలన్నీ నోటితో చేసినవే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. చేయి చాచి మీ బొటనవేలి గోరును చూడండి. మన కన్ను ఒక్కసారికి బాగా స్పష్టంగా చూసేది దాదాపు అంత మేరే. చుట్టూ ఉన్నదంతా మసకగానే ఉంటుంది. కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు చోటు మారుతూ ఉంటుంది కాబట్టి అంతా స్పష్టంగా చూస్తున్నామని అనిపిస్తుంది. కాబట్టి "బొమ్మంతా చూసేశాను" అని మనం అన్నప్పుడు, చాలా చోట్ల కన్ను అసలు ఆగనే లేదన్నమాట.

రెండో కారణాన్ని ఆన్ ట్రీస్‌మన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1980లో గ్యారీ గెలాడ్‌తో కలిసి వివరించారు. మన అసెంబ్లీ మైదానాన్నే ఊహించుకోండి. అందరూ యూనిఫాంలో ఉంటే, పుట్టినరోజని ఎర్ర చొక్కా వేసుకొచ్చిన పిల్లవాడు ఇట్టే కనిపిస్తాడు. మైదానంలో వందమంది ఉన్నా, ఐదువందల మంది ఉన్నా తేడా లేదు. అదే, అందరూ హౌస్ టీ షర్టులు వేసుకున్న రోజున "నీలం టీ షర్టు, కళ్లజోడు రెండూ ఉన్న అమ్మాయి ఎక్కడ?" అని అడిగితే? నీలం వేసుకున్నవాళ్లు చాలామంది, కళ్లజోడు ఉన్నవాళ్లూ చాలామంది. ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోవాల్సిందే. జనం పెరిగేకొద్దీ సమయమూ పెరుగుతుంది. పిల్లుల ఆట గీసేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. రంగు తీసేసి, పిల్లినీ ఇంటినీ ఒకే మందం గీతలతో వేస్తారు. పిల్లి చెవి పెంకుటింటి కొసలా, తోక తీగలా కనిపిస్తుంది.

మూడో కారణం మన అలవాటు. పిల్లి అంటే గోడ మీదో కిటికీలోనో ఉంటుందని మన మెదడు ముందే అనుకుంటుంది. రెండు చెవులు, మీసాలు ఉన్న ముఖం కోసమే చూస్తాం. చెల్లికి ఒకరోజు చివరిదాకా దొరకని పిల్లికి ముఖమే లేదు. గడియార స్తంభం వెనక నుంచి తోక ఒక్కటే బయటికి ఉంది. "అక్కా, నేను దీన్ని పదిసార్లు చూశాను, తాడు అనుకున్నాను" అంది. అంటే కన్ను చూసింది, మనసు ఒప్పుకోలేదు.

నాలుగోది, చాలా దొరికాక మనం నెమ్మదిగా పట్టు వదిలేస్తాం. ఇది ఆటతో పోయే విషయం కాదు. వెతికే వస్తువు ఎంత అరుదైతే దాన్ని చూడకుండా వదిలేసే ప్రమాదం అంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఎక్స్‌రే చూసే డాక్టర్లు ఒక లోపం కనిపించగానే రెండోదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. విమానాశ్రయంలో తెర మీద సంచులను పరిశీలించే సిబ్బందికీ ఇదే చిక్కు. వేల సంచుల్లో ఏ ఒక్కదానిలోనో ప్రమాదకరమైన వస్తువు ఉంటుంది. వాళ్ల చూపు మొద్దుబారకుండా చాలా విమానాశ్రయాల్లో మధ్యమధ్యలో నకిలీ ఆయుధాల చిత్రాలను తెర మీదికి వదులుతారు. మన స్నేహితుల్లో కొందరి అమ్మానాన్నలు సీఐఎస్‌ఎఫ్‌లో ఈ పనే చేస్తున్నారు. చివరి పిల్లిని వదలకుండా వెతకడమే వాళ్ల ఉద్యోగం!

మేం కనిపెట్టిన కొన్ని ఉపాయాలు ఇవి.

1. బొమ్మను మనసులో గళ్లుగా విడగొట్టుకుని, పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చూడాలి.
2. మొత్తం పిల్లిని కాదు, చెవి, తోక, పాదం ఇలా ముక్కలను వెతకాలి.
3. "ఇక్కడ ఉండదులే" అనిపించిన చోటును తప్పకుండా చూడాలి.
4. ఎంతకీ దొరకకపోతే ఆపేసి, మంచినీళ్లు తాగి రావాలి.

నాలుగో ఉపాయం కళ్లకూ మంచిదే. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. ఉచితంగా దొరికే ఆటల్లో ప్రకటనలు ఎక్కువ, డబ్బు కట్టమని అడిగే బొత్తాలూ ఉంటాయి. పెద్దవాళ్లను అడగకుండా వాటిని నొక్కకండి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. కొత్త బడిలో చెల్లికి మొదటి రెండు నెలలు స్నేహితులు లేరు. హిందీ తడబడుతూ వచ్చేది, మరాఠీ అసలు రాదు. ఒక ఆదివారం ఫోన్ పక్కన పెట్టి డ్రాయింగ్ షీటు తీసుకుంది. మా పాత క్వార్టర్స్ గీసింది. నీళ్ల ట్యాంకు, మెట్లు, ఆరేసిన బట్టలు, కొబ్బరి చెట్లు. అందులో ఇరవై పిల్లులను దాచింది. మర్నాడు బడికి పట్టుకెళ్లింది. విరామంలో ఆ కాగితం చుట్టూ పిల్లలు మూగారట. వెతకడానికి భాష అక్కర్లేదు కదా! ఒకడు "బిల్లీ!" అంటే, ఇంకో అమ్మాయి "మాంజర్!" అని అరిచింది. చెల్లి "పిల్లి!" అంది. 'మాంజర్' కూడా, మనం 'మార్జాలం' అనే మాట కూడా ఒకే సంస్కృత పదం నుంచి వచ్చాయని ఆ రాత్రి నాన్నగారు చెప్పారు.

ఇరవైలో పంతొమ్మిది దొరికాయి. ఇరవయ్యోది ఎక్కడుందో చెల్లి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం తెలుసు. మా పాత ఇంటి గుమ్మం దగ్గర, పాల గిన్నె వెనక ఉంది.

మీరూ ఒక కాగితం తీసుకోండి. వదిలి వచ్చిన ఊరిని గీయండి, మీకు ఇష్టమైనదాన్ని అందులో దాచండి. కొత్త తరగతిలో పక్కన కూర్చున్నవాళ్లను వెతకమనండి.