సెలైన్ పెట్టిన చేత్తోనే స్నానం చేయించాలి.. జర్మనీ వెళ్లే మన నర్సులకు అసలు షాక్ ఇదే!

"జర్మన్ ఒక్కటి నేర్చుకో చాలు.. లైఫ్ సెట్!" ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్ వైపు నర్సింగ్ చదువుతున్న అమ్మాయిల ఫోన్లలో ఇప్పుడు ఇలాంటి రీల్సే తిరుగుతున్నాయి. భాష కష్టమే. చలి కూడా కష్టమే. కానీ అక్కడికెళ్లాక మనవాళ్లను నిజంగా కుదిపేసేది ఈ రెండూ కాదు. అసలు నర్సు పని అంటే ఏంటన్న లెక్కే అక్కడ వేరు.

మన ఆస్పత్రుల్లో ఎలా ఉంటుందో తెలిసిందే. పేషెంట్ వెంట ఇంట్లోవాళ్లు ఒకరైనా ఉంటారు. మొహం కడగడం, తినిపించడం, బట్టలు మార్చడం అమ్మో, భార్యో, కొడుకో చూసుకుంటారు. ఎవరూ లేకపోతే ఆయా ఉంటుంది. సిస్టర్ వచ్చిందంటే బీపీ చూడాలి, క్యానులా పెట్టాలి, సెలైన్ ఎక్కించాలి, ఇంజెక్షన్ ఇవ్వాలి, కేస్ షీట్ రాయాలి. నాలుగేళ్లు బీఎస్సీ చదివిన అమ్మాయికి, మూడేళ్లు జీఎన్‌ఎం చేసిన అమ్మాయికి చేతినిండా ఉండే పని ఇదే.

జర్మనీ వార్డులో సీన్ రివర్స్. పేషెంట్ పక్కన రాత్రీ పగలూ కూర్చునే చుట్టాలు ఉండరు. చూడ్డానికి వచ్చి వెళ్లిపోతారు. పొద్దున ఆరు గంటల ప్రాంతంలో డ్యూటీ ఎక్కగానే పేషెంట్లను లేపి ఒళ్లు తుడవాలి, టాయిలెట్‌కు తీసుకెళ్లాలి, డైపర్ మార్చాలి, టిఫిన్ తినిపించాలి. ఇదంతా నర్సు పనే. క్యానులా పెట్టడం, నరానికి ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం చాలా చోట్ల డాక్టర్ల పని. ఇన్సులిన్ లాంటివి నర్సులు ఇస్తారు. ఇక్కడ ఐసీయూలో చకచకా నరం పట్టుకున్న అమ్మాయికి అక్కడ మొదటి వారం ఎలా ఉంటుందో ఊహించుకోండి. "దీనికోసమేనా బీఎస్సీ చదివింది?" అని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేది అప్పుడే.

ఇది మనవాళ్ల సమస్య మాత్రమే కాదు. వృద్ధుల సంరక్షణ కోసం 150 మంది చైనా నర్సులను తెచ్చుకునే ప్రాజెక్టును జర్మనీ 2013 ప్రాంతంలో మొదలుపెట్టింది. వాళ్ల నుంచీ ఇదే మాట వినిపించింది. చైనా ఆస్పత్రుల్లోనూ ఒళ్లు తుడిచే పని ఇంట్లోవాళ్లదో, కూలికి పెట్టుకున్న మనిషిదో. డిగ్రీ చేసి వెళ్లిన నర్సులకు అక్కడ చదువుకు విలువ లేదనిపించింది.

మరి జర్మన్లు దీన్ని చిన్న పనిగా చూస్తారా? లేదు. స్నానం చేయించేటప్పుడే కదా వీపు మీద పుండు మొదలైందో లేదో కనిపించేది. తినిపించేటప్పుడే కదా ముద్ద గొంతులో అడ్డం పడుతోందని తెలిసేది. వాళ్ల చదువులో ఇదంతా పాఠమే, పరీక్షల్లోనూ ఉంటుంది. పైగా ఆ దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరికి మించి 65 ఏళ్లు దాటినవాళ్లే. అందుకే అక్కడ నర్సులకు అంత గిరాకీ.

ఇక భాష సంగతి. ఘట్‌కేసర్‌లో బస్సెక్కి, నారపల్లి ట్రాఫిక్ దాటుకుని ఉప్పల్‌లో మెట్రో పట్టుకుని, నైట్ డ్యూటీ నిద్రకళ్లతోనే అమీర్‌పేట్‌లో క్లాసుకు కూర్చున్నా.. బీ2 స్థాయి రావాలంటే ఏడాది దాకా పడుతుంది. అయితే సర్టిఫికెట్ జర్మన్ వేరు, వార్డులో వినపడే జర్మన్ వేరు. పళ్లసెట్టు తీసేసి, సొంత యాసలో గొణిగే ఎనభై ఏళ్ల తాత మాట ఏ క్లాసులోనూ నేర్పరు. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు గబగబా అప్పజెప్పే ఆ పది నిమిషాలు ఇంకా గండం. అర్థం కాకపోతే మళ్లీ అడగాలి. మనకు అలవాటైనట్టు తలూపి వచ్చేస్తే మందు మారిపోయే ప్రమాదం ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మనకు సుఖం. మన 'మీరు', 'నువ్వు' లాగే జర్మన్‌లోనూ రెండు మాటలున్నాయి. పెద్దవాళ్లను ఏమని పిలవాలో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే గౌరవంగా పిలిస్తే అక్కడ ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఇక్కడ ఎవరూ నోరారా పలకని మీ ఇంటిపేరును అక్కడ అందరూ తిప్పలు పడుతూ పలుకుతారు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే.. దారి ఎంచుకోవడంలో. ఇంటర్ మాత్రమే పూర్తయినవాళ్లకు 'ఔస్‌బిల్డుంగ్' అనే మూడేళ్ల శిక్షణ ఉంది. 2,100 గంటల పాఠాలు, 2,500 గంటల ప్రాక్టికల్స్. మామూలుగా ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. ప్రభుత్వ రంగ ఆస్పత్రుల్లో 2024 మార్చిలో మొదటి ఏడాదికి ఇది నెలకు సుమారు 1,340 యూరోలుగా ఉండేది. పన్ను, బీమా కోతలు ఇందులోనే.

ఇప్పటికే జీఎన్‌ఎం, బీఎస్సీ ఉన్నవాళ్ల దారి వేరు. వాళ్ల సర్టిఫికెట్లను జర్మనీ అధికారులు పరిశీలించి ఏం తక్కువైందో చెబుతారు. దాన్ని పూడ్చే కోర్సు గానీ, పరీక్ష గానీ పూర్తి చేస్తే నర్సుగా గుర్తింపు వస్తుంది. అప్పటిదాకా సహాయకురాలి హోదా, జీతం. పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి ఒక్కసారే ఛాన్స్. అయినా సరే, డిగ్రీ చేతిలో ఉన్న అమ్మాయిని మళ్లీ మూడేళ్ల ఔస్‌బిల్డుంగ్‌లో చేర్పిస్తామని ఏజెంట్ అంటున్నాడంటే ఎందుకో గట్టిగా అడగాల్సిందే. అది ఏజెంట్‌కు సులువైన దారి, మీకు మంచిది కాకపోవచ్చు.

డబ్బుల దగ్గర కూడా అంతే. విదేశీ ఉద్యోగానికి పంపే రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోవాల్సిన సర్వీస్ ఛార్జి గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. మన రాష్ట్రానికైతే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఆఫీస్ మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో. జర్మనీ, జపాన్‌లకు నర్సుల కోసం అప్పుడప్పుడూ నోటిఫికేషన్లు ఇస్తుంటుంది. జర్మనీ ప్రభుత్వ సంస్థలు నడిపే 'ట్రిపుల్ విన్' పథకంలోనైతే అభ్యర్థి నుంచి ఫీజు తీసుకోరు, భాష కూడా నేర్పిస్తారు.

వెళ్లాలా వద్దా తేల్చుకోలేకపోతున్నారా? ఇక్కడి డ్యూటీలోనే ఒక వారం పాటు ఆయాతో కలిసి పేషెంట్లకు ఒళ్లు తుడిచి, తినిపించి చూడండి. ఆ పని చేయగలరో లేదో మీకే తెలుస్తుంది. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి. పని ఆస్పత్రిలోనా, వృద్ధాశ్రమంలోనా? గుర్తింపు కోర్సు ఖర్చు ఎవరిది? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి? చాలామంది చదవకుండా సంతకం పెట్టేది ఆ మూడోదాని మీదే.