పెట్టెలోని పెరడు

మేడమీద మేడ కట్టుకొని, ఇంటి వెనుక మన్ను అనునదియే లేకుండ బ్రదుకుట నగరవాసికి అలవాటైపోయినది గాని, అతని వెంట ఆ మేడల మీదికి వచ్చిన పిల్లికి మాత్రము నేటికిని అలవాటు కాలేదు. పెంకుటిండ్ల కాలమున పిల్లి ఎప్పుడు పెరటిలోనికి పోయెనో, ఏ అరటిపాదు ప్రక్కను మన్ను కప్పి వచ్చెనో గృహిణికి తెలియదు; తెలిసికొనవలసిన పనియు ఆమెకు లేకుండెను. హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖలోనో ఐదవ అంతస్తున పిల్లిని పెంచు కుటుంబమునకు ఇప్పుడా సౌఖ్యము లేదు. బట్టలారవేయు బాల్కనీలో ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో బూడిదరంగు మట్టి, ప్రక్కనొక చిల్లుల గరిట వెలసినవి. ఊరినుండి వచ్చిన నాయనమ్మ దానిని చూచి, "ఇంట్లో ఇదేమిటే తల్లీ!" అని ముక్కు మూసికొనుట సహజమే. అయినను ఆమె యెరిగిన పెరడే కుదించుకొని ఇచ్చటికి వచ్చినదని గ్రహించితిమా, ఈ లిట్టరు పెట్టెను గూర్చిన చిక్కులలో పెక్కు తమంత తామే విడిపోవును.

ఎడారి యిచ్చిన శుచి

నేటి పెంపుడు పిల్లికి మూలపురుషుడు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా మెట్టభూములలో తిరుగు అడవిపిల్లి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్ల నాటి మనుష్య సమాధి చెంతనే పిల్లి అస్థిపంజరము బయల్పడినదని 2004లో పురాతత్త్వజ్ఞులు ప్రకటించిరి. ఆ ద్వీపమున పిల్లి సహజముగా పుట్టిన జంతువు కాదు గనుక, మనుష్యుడే దానిని పడవపై వెంట గొనిపోయి యుండవలెను. నీరు అరుదైన నేలలో బ్రదికిన జాతి యగుటచే, దాని మూత్రపిండములు నీటిని పొదుపుగా నిలుపుకొని, మూత్రమును మిక్కిలి గాఢముగా వెలువరించును. అందలి యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టగా పుట్టు అమోనియాయే మన ముక్కుపుటముల నదరగొట్టు ఘాటు. మెత్తని మట్టిని త్రవ్వి కప్పిపెట్టు నేర్పు కూడ ఆ నేల బ్రదుకునుండి వచ్చినదే.

ఆ నేర్పును మనము నేర్పవలసిన పనిలేదు. పిల్లి తొట్టిలో అడుగిడిన వెంటనే పని ముగించుకొని పోదు. ముందు ముక్కు నేలకానించి వాసన చూచును, ఒక మూల గోకి, అది నచ్చక వెనుదిరిగి మరియొక మూల గోకును, చిన్న గుంట చేసి కూర్చుండును, లేచి మరల వాసన చూచి ముంగాలితో మట్టిని లాగును. తృప్తి కలుగునంతవఱకు ఆ లాగుట మానదు. తల్లివద్ద నాలుగైదు వారములు పెరిగిన పిల్లకూన సైతము తొట్టిని చూపినంతనే ఈ తంతునంతయు నెరవేర్చును.

ముల్తానీ మట్టి మహిమ

పాశ్చాత్యుల యిండ్లలో చిరకాలము ఇసుకయో, పొయ్యి బూడిదయో ఈ పనికి వాడబడుచుండెను. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఎడ్వర్డ్ లో అను యువకుని, పొరుగింటి యామె తన పిల్లికై ఇసుక యడిగెను. ఆతడు ఇసుకకు బదులు, కర్మాగారములలో ఒలికిన నూనెను పీల్చుటకై తాము అమ్ముచుండిన ఎండుమట్టి నిచ్చెను. అది మన ఆడువారు ముఖమునకు పూసికొను ముల్తానీ మట్టి జాతిదే. బూడిదవలె పాదముల కంటుకొని ఇల్లంతయు పరచుకొనకుండుటయు, తడిని చక్కగా పీల్చుటయు చూచి ఆమె మరల మరల దానినే కోరగా, ఆతడు సంచులలో నింపి అమ్మకమునకు పెట్టెను. ఆ పిమ్మట 1980ల దశకమున బెంటొనైట్ మట్టి రంగమునకు వచ్చినది. దాని సన్నని పొరల నడుమకు నీరు చొరగానే అది ఉబ్బి గడ్డకట్టును. కావున తడిసినంత మేరకే గరిటతో తీసివేయవచ్చును. ఈ మట్టి మన దేశమున కచ్ ప్రాంతములోను, రాజస్థానమునందలి బాడ్మేరులోను లభించును.

పెరటికి నాలుగు లక్షణములు

మంచి పెరటికి వైశాల్యము, మెత్తని నేల, ఏకాంతము, శుభ్రత యనునవి ముఖ్యములు, తొట్టికిని అవియే. పిల్లి పొడవునకు ఒకటిన్నర రెట్లుండు తొట్టి కావలెను. అంగడిలో అందముగా కనబడు చిన్న పెట్టెలకంటె, సామానులు దాచుకొను పెద్ద ప్లాస్టిక్ తొట్టికి ఒక ప్రక్క గోడ తగ్గించి కోసినది మేలు. మూతపెట్టెలు మన కంటిని కాపాడును గాని వాసనను లోపలనే బంధించి పిల్లిని శిక్షించును. మట్టి రెండంగుళముల లోతున నుండవలెను. గులాబి పరిమళములు కలిపిన రకములు మనకే గాని పిల్లికి ప్రీతికరములు కావు. ఎన్ని పిల్లులో అంతకు ఒకటి యెక్కువగా తొట్లుండవలెనని పశువైద్యులు చెప్పుదురు. అన్నపు గిన్నె ప్రక్కను గాని, గడగడలాడు వాషింగ్ మెషీన్ చెంతను గాని తొట్టిని పెట్టరాదు.

ఇందులో ఏ లోపమున్నను పిల్లి పరుపుమీదనో, డోర్‌మ్యాట్ మీదనో తీర్పు చెప్పును. యజమాని దానిని పగయనుకొని కొట్టబోవును; అది పగ కాదు, పెరడు చెడినదన్న ఫిర్యాదు.

గరిట చెప్పు సంగతులు

దినమునకు రెండుమారులు గరిటతో గడ్డలెత్తుట, తరిగిన మట్టిని నింపుట, రెండు మూడు వారములకొకసారి అంతయు పారబోసి తొట్టిని సబ్బునీటితో కడిగి ఎండబెట్టుట — పనియంతయు ఇంతే. కడుగుటకు మన యిండ్లలో చేతికందు ఫినాయిలును మాత్రము ముట్టరాదు. ఫినాల్ జాతి రసాయనములను విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. పాదములకంటిన దానిని నాకి అది విషమున పడును. బ్లీచింగ్ ద్రావణము మూత్రములోని అమోనియాతో కలిసినచో విషవాయువు పుట్టును. ఎత్తిన గడ్డలను సంచిలో ముడివేసి చెత్తబండికి ఈయవలెనే గాని మరుగుదొడ్డిలో వేయరాదు. తొట్టిలో ఉబ్బిన మట్టి గొట్టములోను ఉబ్బును.

పురుటికి పుట్టింటికి వచ్చిన కుమార్తె యున్న యింట పిల్లిని వెడలగొట్టవలెనని పెద్దలు తొందరపడుదురు. వారి భయము నిరాధారము కాదు. టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి పిల్లి మలమున వెలువడి గర్భస్థశిశువునకు హాని చేయగలదు. అయితే అది వెలువడిన వెంటనే అంటుకొనదు. అందులకు ఒకటి మొదలు ఐదు దినములు పట్టును. కావున గర్భిణి కాక మరియొకరు ప్రతిదినము తొట్టిని శుభ్రపరచుచు, పిల్లికి పచ్చిమాంసము పెట్టకున్నచో భయము మిక్కిలి తగ్గును. పచ్చిమాంసము, కడుగని కూరలు మనుష్యునకును అదే వ్యాధిని తేగలవన్న సంగతి మరువరాదు.

అన్నిటికంటె విలువైనది గరిటనెత్తువాని కంటికి దొరకు వార్త. గడ్డలు నానాటికి పెద్దవై, సంఖ్యయు హెచ్చినచో మూత్రపిండ వ్యాధినో మధుమేహమునో అనుమానింపవలెను. మగపిల్లి మాటిమాటికి తొట్టిలో కూర్చుండి, ముక్కి, చుక్కయైన విడువక లేచిపోవుచున్నచో, మలబద్ధమని ఆముదము వెదకుచు కాలక్షేపము చేయరాదు. మూత్రనాళము మూసికొనిన పిల్లి ఒకటి రెండు దినములలోనే ప్రాణము విడువగలదు. నడిరేయియైనను వైద్యుని తలుపు తట్టవలెను.

అందుచే పిల్లల మారామునకు లొంగి పిల్లికూనను తెచ్చుటకు ముందే, దానికి ఏ పేరు పెట్టుదమా యనుటకంటె ముందే, గరిట ఎవరిదో తేల్చుకొనుట మంచిది. పాలు పోయువారికి ఇంటిలో కొదువ యుండదు. కాని వైద్యుడు బల్లమీద పిల్లిని పరుండబెట్టి, "నిన్నటినుండి ఎన్నిమార్లు ఒంటికి పోయిందండీ?" అని యడిగిననాడు, బదులు చెప్పగలవాడు ఆ గరిట పట్టినవాడొక్కడే.