పాత మల్టీమీటర్‌లో అంకెలు గెంతుతున్నాయా? చార్జర్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

పోయిన నెల ఒక పవర్ బ్యాంక్ రివ్యూ రాస్తున్నా. 5 వోల్టుల అవుట్‌పుట్ నా మీటర్‌లో 4.8, 5.1, 4.9 అంటూ గెంతుతోంది. "అవుట్‌పుట్ నిలకడగా లేదు" అని రాసేశా కూడా. పోస్ట్ చేసే ముందు ఎందుకో అనుమానం వచ్చి, ఒక కొత్త ఏఏ సెల్‌ని అదే మీటర్‌తో కొలిచా. అదీ గెంతింది! సెల్ వోల్టేజ్ అలా ఊగదు. అంటే తప్పు పవర్ బ్యాంక్‌ది కాదు, నా మీటర్‌దే.

అది కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత బెంచ్ మల్టీమీటర్. మీ దగ్గరా అలాంటిది ఉంటే ఈ వరుసలో చెక్ చేయండి.

ప్రోబ్స్: రెండు మొనలూ కలిపి పట్టుకోండి. డీసీ వోల్టేజ్‌లో సున్నా దగ్గర నిలబడాలి. విడిగా ఉన్నప్పుడు అంకెలు ఆడితే కంగారు పడకండి, అది మామూలే. వైర్లు కదిపితే రీడింగ్ మారుతోందా? ముందు వైర్లు మార్చండి.

రేంజ్ స్విచ్: నాబ్‌ని కొంచెం కదిపితే అంకె మారుతోందంటే కాంటాక్టులకు చిలుము పట్టినట్టే. ప్లగ్ పీకేసి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, నాబ్‌ని ఇరవై ముప్పై సార్లు తిప్పండి. పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి.

పవర్ సప్లై: నా మీటర్‌లో దొంగ దొరికింది ఇక్కడే. లోపలి 7805 రెగ్యులేటర్ 5 వోల్టులు స్థిరంగా ఇవ్వాలంటే దాని ఇన్‌పుట్ సుమారు 7 వోల్టులకు తగ్గకూడదు. ముందున్న ఫిల్టర్ కెపాసిటర్ ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయింది. దాంతో ఇన్‌పుట్ సెకనుకు 100 సార్లు 7 కిందకి జారుతోంది. 1000 మైక్రోఫారడ్, 25 వోల్ట్, 105 డిగ్రీల రకం కొత్తది వేశా. ధర టీ ఖర్చంత.

ఒక జాగ్రత్త: మూత తీస్తే లోపల 230 వోల్టులు ఉంటాయి. అలవాటు లేకపోతే తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. మార్చేటప్పుడు కెపాసిటర్ ప్లస్, మైనస్ తప్పకూడదు.

అరగంట వేడెక్కనిచ్చి పవర్ బ్యాంక్‌ని మళ్లీ కొలిచా. 5.04 దగ్గర కదలకుండా నిలబడింది. రివ్యూలో ఆ వాక్యం కొట్టేశా. ఇప్పుడు ఏది కొలవాలన్నా ముందు సెల్‌నే కొలుస్తున్నా.