గాలిమర రెక్కల బరువు గ్రిడ్‌కు తెలుస్తుందా?

సముద్రంలో గాలిమరలు పెడితే గ్రిడ్ నిలకడగా ఉంటుందంటారు, గాలికే నిలకడ లేదు కదా అని జనగామ పాఠకుడొకరి ప్రశ్న. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లకు కేంద్రం 2024 జూన్‌లో 7,453 కోట్ల పథకం ఆమోదించింది. సముద్రం మీద గాలి నేల మీదకంటే బలంగా, నిలకడగా వీస్తుంది. ఆ సంగతి అంతటితో సరి. అసలు మజా సెకన్లలో ఉంది.

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం టర్బైన్లు నిమిషానికి 3,000 చుట్లు, అంటే సెకనుకు 50 తిరుగుతాయి. మన 50 హెర్ట్జ్ అదే. గ్రిడ్‌లో ఎక్కడో ఓ పెద్ద యూనిట్ ట్రిప్పయితే లోటు ఆ క్షణమే పూడాలి. బాయిలర్‌లో బొగ్గు పెంచే వ్యవధి ఉండదు. కుమ్మరి చెయ్యి తీశాక కూడా సారె తిరిగినట్టు, ఆ ఉక్కు తిరుగుతూనే తన వేగంలోంచి కొంత కరెంటుగా వదులుతుంది. వేగం వీసమెత్తు తగ్గుతుంది, దాంతోపాటు ఫ్రీక్వెన్సీ. ఆవిరి వాల్వులు తెరుచుకునేదాకా ఆ గడువు చాలు. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఏ కంప్యూటరూ లెక్క కట్టనక్కర్లేదు!

గాలిమర రెక్కలకూ టన్నులకొద్దీ బరువుంది. కానీ అవి గాలిని బట్టి తిరుగుతాయి. మధ్యలో కన్వర్టర్ ఆ కరెంటును డీసీ చేసి, మళ్లీ 50 హెర్ట్జ్‌కు తెస్తుంది. ఇవతల ఫ్రీక్వెన్సీ పడిపోయినా రెక్కకు ఆ కబురే అందదు. ఇలాంటి గోడ మేలు మనం చవిచూశాం. 2012 జూలై 30, 31న ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలితే దక్షిణాది చెక్కుచెదరలేదు. భద్రావతి, గాజువాక డీసీ లంకెలు అవతలి కుదుపును ఇటు రానివ్వలేదు. అయితే 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ కిందికి వచ్చింది.

గ్రిడ్‌లో కుదుపొస్తే గాలిమర తప్పుకోవాలని తొలినాళ్ల నిబంధనలు రాసినవాళ్లు పొరబడ్డారు. మరలు నాలుగైనప్పుడు అది చెల్లింది, వేలైతే చెల్లదు. 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో పిడుగు పడ్డాక హార్న్‌సీ సముద్ర గాలిమరల కేంద్రం ఒక్కసారిగా 737 మెగావాట్లు కోల్పోయింది. ఓ గ్యాస్ కేంద్రం కూడా పడిపోవడంతో సుమారు పది లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. గాలి ఆగి కాదు, వోల్టేజి కంట్రోల్ అదుపు తప్పి.

మందూ కన్వర్టర్‌లోనే ఉంది. ఫ్రీక్వెన్సీ పడగానే రెక్కల వేగంలోంచి కొంత పిండి ఇమ్మని ప్రోగ్రాం రాయొచ్చు. కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ ఆ షరతు ఎప్పుడో పెట్టింది. అయితే కొన్ని సెకన్లే. తర్వాత రెక్క పాత వేగం అందుకునేదాకా ఉత్పత్తి తగ్గుతుంది, బ్యాటరీ తోడుంటే ఆ బాధ తప్పుతుంది. గాలి లేని రాత్రి కూడా కన్వర్టర్ వోల్టేజిని నిలబెట్టగలదు.

మనకేం లాభమంటారా? యూనిట్ ధర మీద జరిగే చర్చలో పదో వంతు ఈ సెట్టింగుల మీద జరిగితే చెబుతాను. ఈలోగా జనగామ, మహబూబాబాద్ బావుల దగ్గరి మోటార్లు ఏ సెట్టింగూ లేకుండానే సాయపడుతున్నాయి: ఫ్రీక్వెన్సీ తగ్గితే అవీ నెమ్మదించి, తక్కువ కరెంటు లాగుతాయి.