అమ్మాయి దూకుతుంటే అమ్మ తెలుసుకోవలసింది



మన ఇళ్ళల్లో అమ్మాయి సంగీతం నేర్చుకుంటానంటే సంతోషిస్తాం. కంప్యూటరు నేర్చుకుంటానంటే ఫీజు ఎంతో కనుక్కుంటాం. అదే అమ్మాయి కాలేజీలో చేరి, "అమ్మా, నన్ను లాంగ్ జంపుకి తీసుకున్నారు, రేపట్నుంచి పొద్దున్నే అయిదున్నరకి గ్రౌండుకి వెళ్ళాలి" అంటే మాత్రం గుండె గతుక్కుమంటుంది. కాలో చెయ్యో విరిగితే? ఎండకి నల్లబడితే? చదువు పాడైతే? ఇలా వెయ్యి అనుమానాలు. అనుమానాలు రావటం తప్పు కాదు. కాని మనం నిజంగా జాగ్రత్తపడవలసిన చోటు వేరే ఉంది. అది తెలియాలంటే, ఆ గ్రౌండులో కోచ్ గారు పిల్లలచేత అసలేం చేయిస్తారో మనకి కాస్త తెలియాలి. ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

దూకే పోటీలు నాలుగు రకాలు. పరిగెత్తుకొచ్చి ఇసుకలోకి దూకేది లాంగ్ జంప్. అదే పరుగులో మూడు అంగలు వేసి దూకేది ట్రిపుల్ జంప్. అడ్డంగా పెట్టిన కర్ర పైనుంచి దాటేది హైజంప్. పొడుగాటి గెడ ఊతంగా పైకి లేచేది పోల్‌వాల్ట్. ఇవి కాక, పరుగులూ దూకటాలూ విసరటాలూ కలిసిన పోటీ ఒకటుంది. ఆడపిల్లలకి దాని పేరు హెప్టాథ్లాన్. రెండు రోజుల్లో ఏడు అంశాలు. మొదటిరోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండోరోజు లాంగ్ జంప్, జావలిన్ అంటే ఈటె విసరటం, అన్నిటికీ ఆఖర్న 800 మీటర్ల పరుగు. ప్రతిదానికీ పాయింట్లుంటాయి, అన్నీ కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వారిదే గెలుపు. మగపిల్లలకి ఇలాంటిదే పది అంశాలతో డెకాథ్లాన్.

ఇదేదో పైదేశాలవాళ్ళ సంగతి అనుకోకండి. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్య పతకం తెచ్చింది. తండ్రి టీ కొట్టు నడిపిన మనిషి. అమ్మాయి చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆమెకి వచ్చినవి 5712 పాయింట్లు. నాలుగో స్థానంలో నిలిచిన స్వప్నా బర్మన్ కూడా మన దేశపు అమ్మాయే, ఆమెకి 5708. రెండు రోజులు ఏడు పోటీలు చేస్తే చివరికి తేడా నాలుగు పాయింట్లు! 2025లో కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో నందిని 5941 పాయింట్లతో బంగారు పతకమే గెలిచింది.

ఇంత చిన్న తేడాలతో తేలే పోటీకి కోచ్ ఎలా తయారుచేస్తారు? దానికి జవాబు మనకి బాగా తెలిసిన పనిలోనే ఉంది. ఒకటో తారీఖున వచ్చిన జీతాన్ని మనం ఏం చేస్తాం? అద్దె, పాలు, పచారీ సామాను, పిల్లల ఫీజులు అని పంచుకుంటాం. ఒకదానికి ఎక్కువ పెడితే ఇంకోదానికి తగ్గుతుంది. ఏడు అంశాలు చేసే అమ్మాయికి ఉన్నది ఒకటే ఒళ్ళు, రోజుకి ఉన్నది రెండు మూడు గంటల ఓపిక. ఆ ఓపికే జీతం. దాన్ని ఎక్కడ ఖర్చుపెడితే ఎక్కువ లాభమో చూడటమే కోచ్ గారి పని.

ఒక లెక్క చెబుతాను. హైజంప్‌లో 1.70 మీటర్లు దాటితే 855 పాయింట్లు, 1.73 దాటితే 891. అంటే మూడు సెంటీమీటర్లకి 36 పాయింట్లు. షాట్‌పుట్‌లో ఇనప గుండు 12 మీటర్ల నుంచి 13 మీటర్లకి వెళితే వచ్చే లాభం సుమారు 66 పాయింట్లు. ఇప్పుడు ఒక అమ్మాయి హైజంప్‌లో ఏడాదిగా ఒకచోటే ఆగిపోయింది, గుండు విసరటం మాత్రం సరిగ్గా నేర్పినవారే లేరు అనుకోండి. తెలివైన కోచ్ ఆమెచేత ఇంకో వందసార్లు హైజంప్ చేయించరు. గుండు పట్టే తీరు, అడుగు తిప్పే తీరు నేర్పుతారు. అక్కడ నేర్చుకుంటే వస్తుంది. ఇక్కడ ఎంత చేసినా అరగటమే.

ఇక దూకటం సంగతి. లాంగ్ జంప్ అంటే కాలి బలంతో ఎగరటమే అనుకుంటాం. నిజానికి దూరం చాలామటుకు పరుగులోనే ఉంది. దూకేముందు బోర్డుమీద కాలు ఆనేది సెకనులో ఎనిమిదో వంతు కాలం. అంతలో కొత్తగా బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? పరిగెత్తి తెచ్చుకున్న వేగాన్ని కాస్త పైకి మళ్ళించటమే చేయగలిగింది. అందుకని నెలల తరబడి పరుగే నేర్పుతారు. అడుగులు లెక్కపెట్టి, పరుగు ఎక్కడ మొదలుపెట్టాలో టేపుతో కొలిచి గుర్తు పెడతారు. బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడు. దాని అంచు దాటితే ఫౌల్, ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. వెనకాలే కాలు వేస్తే ఆ మేరకి దూరం నష్టం. ఎదురుగాలి వీస్తే అడుగులు కురచ అవుతాయి, వెనకనుంచి వీస్తే సాగుతాయి. దాన్నిబట్టి గుర్తు జరుపుతూ ఉంటారు. అమ్మాయిని మాత్రం బోర్డుకేసి చూడవద్దంటారు. చూస్తే ఆఖరి అడుగులు తడబడి వేగం చచ్చిపోతుంది. రోజూ తిరిగే ఇంట్లో మనం గడపకేసి చూసి అడుగు వేస్తామా? అలవాటైన కాలు దానంతటదే దాటుతుంది. ఇదీ అంతే.

హైజంప్‌లో వీపు కర్రవైపు తిప్పి దాటటం టీవీలో చూసే ఉంటారు. దాన్ని లోకానికి చూపించినవాడు ఒక కాలేజీ కుర్రాడే. అమెరికాలో ఆరిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదివిన డిక్ ఫాస్‌బరీ. కోచ్ మొదట్లో అతన్ని పాత పద్ధతికి మళ్ళించాలని చూశారు. అతను తన పద్ధతిలో దాటే ఎత్తు చూశాక ఆ ప్రయత్నం మానుకున్నారు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో ఆ కుర్రాడు 2.24 మీటర్లు దాటి బంగారు పతకం గెలిచాడు. పద్ధతి పిల్లకి తగ్గట్టు ఉండాలి గాని, పిల్లని పద్ధతికోసం విరవకూడదని మంచి కోచ్‌కి తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దూకేటప్పుడు ఒంటికాలి మీద పడే భారం ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. ట్రిపుల్ జంప్‌లో పేరున్నవాళ్ళకైతే పది రెట్లు కూడా దాటుతుంది. అందుకే మంచి కోచ్ పూర్తి పరుగుతో దూకటం వారానికి ఒకటి రెండు రోజులే పెడతారు. ఆ రోజు కూడా వేళ్ళమీద లెక్కపెట్టేన్ని దూకులే. మిగతా రోజుల్లో పొట్టి పరుగులు, హర్డిల్స్ లయ, ఒక మోస్తరు బరువులెత్తటం, మోకాళ్ళు లోపలికి వాలకుండా నేలమీద మెత్తగా దిగటం. ఆడపిల్లలకి మోకాలి లోపలి నరం తెగే ప్రమాదం ఎక్కువ గనక ఈ దిగటం నేర్పటం చాలా ముఖ్యం. బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతుందేమోనని భయపడకండి. ఎముకా కీలూ గట్టిపడటానికే అది. "రోజూ వందసార్లు దూకిస్తున్నాం" అని ఎవరైనా గొప్పగా చెబితే మాత్రం సంతోషించకండి, భయపడండి.

కోచ్ ఆ జీతాన్ని ఖర్చుపెడతారు, సరే. మరి సంపాదించి పెట్టేది ఎవరు? తిండీ నిద్రా. ఆ రెండూ ఉన్నది ఇంట్లో. పొద్దున్నే గ్రౌండు, తరవాత కాలేజీ, మళ్ళీ సాయంత్రం గ్రౌండు. మధ్యలో అమ్మాయి తిన్నదేమిటి? రెండు ఇడ్లీలూ ఒక కాఫీ! పైగా "లావెక్కితే దూకలేను" అని రాత్రి అన్నం మానేస్తుంది. ఇక్కడే ముప్పు. ఖర్చుకి తగ్గ తిండి లేకపోతే ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. మొట్టమొదట ఆపేసే వాటిలో నెలసరి ఒకటి. పూర్వం దాన్ని "గట్టిగా సాధన చేస్తోంది, మామూలే" అని కొట్టిపారేసేవారు. అది మామూలు కాదు. ఒంటికి శక్తి చాలటంలేదని చెప్పే గుర్తు అది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం వైద్యులు దీనికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి, అందరు కోచ్‌లనీ హెచ్చరించారు. నెలసరి ఆగితే ఎముకకి కావలసిన రక్షణ తగ్గుతుంది. దానిమీద దూకుతూ పోతే ఎముకలో సన్నటి పగుళ్ళు వస్తాయి. ఎముక గట్టిపడవలసిన పద్దెనిమిది ఇరవై ఏళ్ళ వయసులో పోగొట్టుకున్నది తరవాత పూర్తిగా తిరిగిరాకపోవచ్చు.

కనక రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి. ఈ మాట అమ్మాయి కోచ్‌తో చెప్పటానికి సిగ్గుపడుతుంది. మనతో చెప్పగలగాలి. రెండోది, నొప్పి. కండరం నొప్పి పరచుకుని ఉంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మోకాలికీ చీలమండకీ మధ్య ముందెముక మీద ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా తగ్గకపోతే, అది ఎముక నొప్పి కావచ్చు. దానిమీద జండూబామ్ రాసి గ్రౌండుకి పంపకండి. దూకటం ఆపించి డాక్టరుకి చూపించండి.

మరి ఆటగత్తెలు దెబ్బలతోనే గెలవలేదా అంటారేమో. నిజమే. 2003లో మన హైదరాబాదులో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో జె.జె. శోభ జావలిన్ విసిరేటప్పుడు చీలమండ దెబ్బతిన్నా, కట్టు కట్టుకుని 800 మీటర్లు పరిగెత్తి బంగారు పతకం గెలిచింది. మెచ్చుకోవలసిన ధైర్యమే. కాని అది ఎన్నో ఏళ్ళ సాధన తరవాత, ఆఖరి పోటీలో తీసుకున్న నిర్ణయం. మంగళవారం పొద్దుటి సాధనకి ఆ ధైర్యం అక్కర్లేదు.

తిండికి పెద్ద ఖర్చేమీ లేదు. గ్రౌండుకి వెళ్ళేముందు ఒక అరటిపండో నాలుగు ఖర్జూరాలో. వచ్చిన గంటలోపు కడుపునిండా టిఫిను, దాంతో గుడ్డు, అది తినని ఇంట్లో పాలూ పెసరట్టూ. మధ్యాహ్నం డబ్బాలో అన్నంతోపాటు ముద్దపప్పు, ఆకుకూర, పెరుగు. సాయంత్రం వేరుశనగపప్పు ఉండ, రాగిజావ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన అమ్మాయి ఆ 57లో ఉందేమో ఒకసారి రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీలు మాత్రం వద్దు. ఇక నిద్ర ఎనిమిది గంటలకి తగ్గకూడదు. అయిదుకి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. తెల్లారగట్ల ఆమె గ్రౌండుకి వెళితే, రాత్రి పదకొండింటిదాకా వంటింట్లో అంట్లు తోమించటం న్యాయమా? తమ్ముడికి ఇచ్చే వెసులుబాటు ఆమెకి కూడా ఇవ్వాలి.

కోచ్ గారిని ఒకసారి వెళ్ళి కలవండి. వారానికి ఎన్నిరోజులు పూర్తిగా దూకిస్తారు, విశ్రాంతి ఏ రోజు, ఇసుక గుంట తవ్వి మెత్తగా ఉంచుతున్నారా, పై ఊరి పోటీలకి వెళితే పిల్లలతో స్త్రీ మేనేజరు ఎవరు వస్తారు, బస ఎక్కడ అని అడగండి. అడిగే హక్కు మనది. మంచి కోచ్ ఈ ప్రశ్నలకి విసుక్కోరు. మీరు అడిగారని సంతోషిస్తారు.

ఆఖరుగా ఒక మాట. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జాకీ జాయ్‌నర్ అనే అమెరికా అమ్మాయి హెప్టాథ్లాన్ బంగారు పతకాన్ని కేవలం అయిదు పాయింట్లతో పోగొట్టుకుంది. కాలిఫోర్నియాలో యూసీఎల్‌ఏ కాలేజీలో చదువుకుంటూ, బాస్కెట్‌బాల్ కూడా ఆడుతూ, బాబ్ కర్సీ అనే కోచ్ దగ్గర నేర్చుకున్న పిల్ల. ఉబ్బసం కూడా ఉండేది. ఆ అయిదు పాయింట్లు 800 మీటర్ల పరుగులో అర సెకనుకన్నా తక్కువ. కుంగిపోకుండా, తొందరపడకుండా నాలుగేళ్ళు సాధన చేసి, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 7291 పాయింట్లతో గెలిచింది. ఆ రికార్డుని ఇంతవరకూ ఎవరూ దాటలేదు. అప్పటికి ఆమె వయసు 26. కాలేజీ రోజుల్లో ఒళ్ళు అరగదీసుకుని ఉంటే ఆ వయసుకి ఏం మిగిలేది?

మన అమ్మాయిలందరూ ఒలింపిక్స్‌కి వెళ్ళరు. వెళ్ళనక్కర్లేదు కూడా. మూడేళ్ళ కాలేజీ అయ్యేసరికి గట్టి ఎముకలతో, గట్టి గుండెతో, ఓడితే మళ్ళీ లేచే అలవాటుతో ఇంటికి వస్తే చాలు. ఆ మూడూ గ్రౌండులో సగం, మన ఇంట్లో సగం తయారవుతాయి. మన సగం మనం చూసుకుందాం.